లినక్స్‌లో రెండవ కీబోర్డు

ఒకే కంప్యూటరునకు రెండు కీబోర్డులు తగిలించినప్పుడు, లినక్స్ డెస్క్‌టాపు సాధారణముగా వాని భేదమును పాటింపక, రెండింట నొక్కిన మీటలను ఒకే ప్రవాహముగా కలిపి, ఎదుటనున్న విండోకు అందించును. అయినను ఈ అభేదము పై అంతస్తునకు చెందినదే కాని మూలమునకు చెందినది కాదు. కెర్నెలులోని ఈవీడెవ్ అను విభాగము ప్రతి కీబోర్డునకును ప్రత్యేకముగా ఒక పరికర ఫైలును కల్పించును. ఆ ఫైళ్ల పేర్లలోని సంఖ్యలు యంత్రమును పునఃప్రారంభించినప్పుడు మారవచ్చును గనుక, యూఎస్‌బీ పరికరముల విషయమున, తయారీ వివరములను బట్టి ఏర్పడు బై-ఐడీ లంకెలను ఆశ్రయించుట వివేకము. ఒకే నమూనా కీబోర్డులు రెండున్నచో, తగిలించిన పోర్టును బట్టి పేరిడు బై-పాత్ లంకెలే శరణ్యము.

ఒక కీబోర్డును వేరుపరుపదలచిన ప్రోగ్రాము, తగిన అనుమతితో దాని ఫైలును తెరచి, ఈవీఐఓసీగ్రాబ్ అను ఆజ్ఞచే కీబోర్డును స్వాధీనము గావించుకొనును. అంతట దాని మీటలు డెస్క్‌టాపునకు చేరవు. పిదప ఒక్కొక్క మీటకు వీడియో కోతయో, ధ్వని తగ్గింపో నియమింపవచ్చును. లేక యూఇన్‌పుట్ ద్వారా మిథ్యా కీబోర్డు నొకదానిని సృష్టించి, మార్చిన మీటలను దానినుండి వెలువరింపవచ్చును. విడుదలకు ఉపాయ మేర్పరుపక, ఉన్న ఒక్క కీబోర్డునే పట్టుకొన్నచో, యజమానుడే గుమ్మము వెలుపల నిలువవలసివచ్చును.

డెస్క్‌టాపు అంతస్తులోను ఇట్టి ప్రయత్నము జరిగెను. పీటర్ హటరర్ రూపొందించిన, పలు కర్సరులను అనుమతించు బహుసూచికా పద్ధతి, విండోలను చూపు ఎక్స్ సర్వరునకు 2009లో వెలువడిన 1.7 రూపముతో ప్రవేశించి, రెండవ కీబోర్డునకు వేరొక విండోను అప్పగించుటకు వీలు కలిగించెను. కాని ఒకే కర్సరును ఊహించి వ్రాసిన ప్రోగ్రాములు దానికి తగినట్లు మారలేదు. ఎక్స్‌కు బదులుగా వేలాండ్‌ను వాడు డెస్క్‌టాపులలో, ఆ పద్ధతిని నడుపు ఎక్స్‌ఇన్‌పుట్ ఆదేశములు చెల్లవు. ఈవీడెవ్ మార్గము మాత్రము ఎక్స్, వేలాండ్ రెండింటను పనిచేయును.