గోదావరి నీరు, జనం రాకపోకలు

జనం పట్నం పోతున్నారని వాపోతాం గాని, వారి వెనుక పొలంలో వచ్చిన మార్పును చూడం. గోదావరి సీమనే తీసుకోండి. రాజమహేంద్రవరం జిల్లాలో 1821లో 7 లక్షలు దాటిన జనం, నందన కరువు వంటి ఉపద్రవాల పాలై 1841 నాటికి 6 లక్షల లోపునకు దిగిపోయినారు. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని మొదలుపెట్టినాడు. 1852లో అది పూర్తయినది. కాలువ పారిన చోటల్లా వరి. వరి అంటే ఊడ్పులకూ కోతలకూ మనుషులు కావాలి గదా! విశాఖ మండలం నుంచి కూడా కూలీలు దిగినారు. ధాన్యం పెరిగిన కొద్దీ మిల్లులు లేచినవి. తణుకు, భీమవరం పట్టణాలైనవి. పట్నాన్ని పెంచింది కూడా పొలమేనన్నమాట!

మరి ఇప్పుడో? పదిమంది రోజంతా కోసే చేను కోతయంత్రానికి గంటా రెండు గంటల పని. 1980ల నుంచి కొల్లేటి చుట్టుపట్ల ఎన్నో వరిచేలు చేపల చెరువులైనవి. నాట్లు వేసే ఆడకూలీకి చెరువుగట్టున పనేమున్నది? సెంటు భూమి లేని ఇల్లే ముందు కదులుతుంది. యంత్రం వద్దని నేననను. కోతల వేళ ముసురు పట్టినప్పుడు దాని విలువ మీకే తెలుసు. అయితే విస్తరణ కార్యకర్తలకొక మాట: ఊళ్లోకి కొత్త యంత్రం వస్తే, అది కోసిన ఎకరాలతోబాటు తగ్గిన కూలిదినాలు కూడా మీ పుస్తకంలో రాసుకోండి.