కల్పితకథ కృత్రిమరత్నమా?



కంచిలిలో పురాణకాలక్షేపము ముగిసిన పిదప నొక వృద్ధులు "పంతులుగారూ, పురాణమున లేని కథ యబద్ధమే కదా?" యని నన్నడిగిరి.

ఈ వివాదము పాతదే. ఆలంకారికులు కథావస్తువును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము నని మూడు తెఱగులుగా విభజించిరి. 16వ శతాబ్దిలో రామరాజభూషణుడు వసుచరిత్ర పీఠికలో కేవల కల్పితకథలను కృత్రిమరత్నములతో పోల్చెను. ఆ శతాబ్దముననే పింగళి సూరన కళాపూర్ణోదయమను నెనిమిది యాశ్వాసముల కావ్యమును స్వయముగా కల్పించి, నంద్యాల కృష్ణమరాజున కంకితమిచ్చెను.

సూరన క్రొత్త జాతులను సృజింపలేదు. గంధర్వులు, సిద్ధులు, అప్సరసలు మన మెఱిగినవారే. ద్వారకయు మన మెఱిగినదే. కావుననే వినువాడు శంకింపక వెంట నడచును. వ్యక్తులు మాత్రము కవిసొత్తు. మణికంధరుడను గంధర్వుడు నలకూబరుని రూపము దాల్చును. కలభాషిణి యను వేశ్యాకన్యక వరముచే రంభ యగును. మాయారంభ మాయానలకూబరుని గూడి, యతడే నిజమని మురియును. రూపము మాఱెను గాని కోరిక మాఱలేదు. అంతలో నిజమైన రంభ వచ్చును! ఆ తరువాతి జన్మవృత్తాంతములు మిక్కిలి చిక్కైనవి. పాఠము చెప్పునప్పుడు నల్లబల్లపై గీతలు గీసినగాని నాకే తెమలెడివి కావు.

1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వవిచారమున నీ కల్పనాశక్తిని మెచ్చిరి.

ఆ వృద్ధులకు వాదము చెప్పక కథయే చెప్పితిని. రంభ లిద్దఱు కలహించు ఘట్టమున దీపము కొండెక్కినది. మఱునాడు ప్రొద్దు పొడవకమున్నే వారు మా యరుగుపై కూర్చుండి, "శాపము ముందెవరిచ్చిరి?" యనిరి.