తంపరలో మేత, చింత మీద గూడు

మా ఊళ్ళో ఇంటి ముందు చింతచెట్టు ఉన్నవాళ్ళకి అక్టోబరు నుంచి మార్చి దాకా ఆరుబయట బట్టలారేసుకునే యోగం లేదు. ఆకులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతాయి. నీచు వాసన వీధి మొగలోనే ఎదురొస్తుంది. తెల్లారగట్ల రేకుల కప్పు మీద టప్‌మని ఏదో పడుతుంది. అది గూట్లోంచి జారిన చేప. మేం పిల్లలుగా ఉన్నప్పుడు అది కొయ్యంగా జెల్లా అని పందేలు కాసుకునేవాళ్ళం. పైకెక్కి చూసేలోగా పిల్లి పట్టుకుపోయేది. దాంతో పందెం తేలేది కాదు.

మాది తేలినీలాపురం. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం. గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ ఏటేటా వచ్చి ఊళ్ళోని చెట్ల మీద గూళ్ళు పెట్టి, పిల్లల్ని లేపుకుని వెళ్ళిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని బయటివాళ్ళకి మేమే చెబుతాం. నిజానికి ఈ గూడబాతు సైబీరియా మొహం చూసిన పక్షి కాదు. మన దేశం, శ్రీలంక, ఆ పక్కన కంబోడియా దాకా, అంతే దాని తిరుగుడు. ఎర్రకాళ్ళ కొంగా అంతే. చాలాకాలం నేనూ సైబీరియా కథే చెప్పాను. చుట్టాల దగ్గర ఊరి పరువు పెరుగుతుందని.

మా నాయనమ్మకి సైబీరియా సంగతి తెలీదు. ఆవిడ లెక్క వేరు. అవి పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. పురిటికొచ్చినదాన్ని పొమ్మంటామా? వానలు పడ్డాక అవి ఆలస్యం చేస్తే ఆ ఏడు పంట మీద బెంగ పెట్టుకునేది. ఒకసారి పుల్లల వ్యాపారి ఒకాయన మా చింతచెట్టుకి బేరం పెట్టాడు. మంచి ధరే. మా తాత సగం ఒప్పుకున్నాడు కూడా. నాయనమ్మ గడపలో కూర్చుని, "పిల్లలెగిరిపోనాక రా, అప్పుడు సూద్దుం" అంది. పిల్లలెగిరేసరికి మార్చి దాటింది. అప్పటికి వ్యాపారి ఇంకో ఊళ్ళో ఇంకో చెట్టు కొట్టేసుకున్నాడు. ఆ మరుసటేడు ఆయనొస్తే మళ్ళీ అదే మాట. మా ఊళ్ళో చెట్టు కొట్టడానికి అనుమతి అంటే చాలాకాలం అదే. ఆ అనుమతి ఇచ్చే కచేరీ గడపే.

కాయితాలు తరువాత వచ్చాయి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం గూడు చెదరగొట్టినా, గుడ్డు పగలగొట్టినా వేటాడినట్టే లెక్క. 2002లో వాల్టా చట్టం వచ్చాక, సొంత పెరట్లో చెట్టయినా సరే కొట్టాలంటే అధికారి అనుమతి కావాలి. అటవీశాఖ వాళ్ళొచ్చి కావలి పెట్టారు, బోర్డులు కట్టారు. పక్షుల ప్రాముఖ్యమున్న చోట్ల జాబితాలోకీ ఊరి పేరెక్కింది. కానీ నేలపట్టులాగా మాది నోటిఫై అయిన అభయారణ్యం కాదు. గూళ్ళున్నది జనం పెరళ్ళలో, రచ్చబండల దగ్గర. అందుకే ఇక్కడ చట్టం సగం పని చేస్తే, మిగతా సగం ఇంటావిడ ఓపిక.

ఇంతవరకూ గూటి సంగతి. గూటికి ఎవరూ చెడు చేయలేదు, తుపాను తప్ప. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ తీరం దాటినప్పుడు మా చింత వేళ్ళతో సహా పడిపోయింది. అప్పుడే గూళ్ళ కాలం మొదలు. కొల్లేరు ఆటపాకలో గూళ్ళకి ఇనుప స్టాండ్లు పాతారని పేపర్లో చదివి, మనకీ పాతితే బాగుణ్ణనుకున్నాం.

మేత సంగతి వేరు. పక్షి గూడు పెట్టేది ఊళ్ళో. పొద్దున్నే రెక్క విప్పి వెళ్ళేది నౌపడ తంపరకి. సముద్రపు పోటు నీరూ, పైనుంచి వచ్చే వాన నీరూ కలిసే పల్లపు నేలని మా వైపు తంపర అంటాం. వానాకాలంలో అదంతా నీళ్ళు. వేసవిలో ఉప్పు కొఠార్లు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు పడిందంటే, ఆ రోజుల్లో ఈ పల్లె పేరు ఎంత దూరం వినబడేదో చూడండి. కొఠార్ల పక్కనే వలలు, వలల పక్కనే కొంగలు. ఎవరి వాటా వాళ్ళది.

ఆ తంపరలో, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర, 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి 2009లో పర్యావరణ అనుమతి వచ్చింది. ఊళ్ళు లేచాయి. మేత పోతుందని పక్షులు ధర్నా చెయ్యలేవు. కూర్చున్నది మత్స్యకారులూ రైతులూ. 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్ర దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ తరువాత కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమంది. ఆ కేంద్రం నుంచి ఇప్పటిదాకా ఒక్క బల్బు వెలగలేదు. కానీ నా బాధ కరెంటు గురించి కాదు. మా పెరట్లో చెట్టు కొమ్మ నరకడానికి ఇంత తంతు పెట్టిన ప్రభుత్వమే, ఆ కొమ్మ మీది పక్షి తినే నేలని ఒక్క కాయితంతో ఇచ్చేసింది. రెండు కాయితాలూ రెండు బీరువాల్లో ఉంటాయి. ఒక దాని మొహం ఇంకొకటి చూడదు.

2017 చిత్తడి నేలల నియమాలు చదివాక నాకు ఇంకొంచెం అర్థమైంది. ఉప్పు తయారీకి కట్టినవీ, చేపల, రొయ్యల పెంపకానికి కట్టినవీ చిత్తడి నేల లెక్కలోకి రావని అందులో తేటగా రాసుంది. అంటే ఉప్పు మడి కాయితం మీద మడి, పక్షి కంట్లో మాత్రం అన్నం పళ్ళెం.

పెద్ద అనుమతులు ఢిల్లీలో ఇస్తారు. చిన్నవి ఇక్కడే. రొయ్యల సాగు మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు తరువాత, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఆపైన రాష్ట్రంలో 2020లో ఇంకో చట్టం. చెరువు తవ్వాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. మత్స్యశాఖ మనిషి వచ్చి చూస్తాడు. సర్వే నంబరు, విస్తీర్ణం, నీరెక్కణ్ణుంచి తెస్తారు, ఎక్కడికి వదులుతారు, ఇవన్నీ అడుగుతారు. అడగాల్సినవే. ఒక్కో చెరువుకీ ఒక్కో దరఖాస్తు. ఏ ఒక్కటీ పెద్దదిగా కనబడదు. ఇరవై ఏళ్ళ తరువాత గట్టు మీద నిలబడి చూస్తే తంపర ఎక్కడుందో వెతుక్కోవాలి.

2021 డిసెంబరు చివర్లో చెట్ల కింద గూడబాతులు పడిపోవడం మొదలైంది. పిల్లలు కాదు, పెద్దవి. కొన్ని కొమ్మ మీదే తల వేలాడేసి, గాలికి రాలాయి. గూట్లో పిల్లలు నోళ్ళు తెరుచుకుని అరుస్తూనే ఉన్నాయి. గూడబాతు పెద్దదైతే నోరు మెదపదు, పిల్లగా ఉన్నప్పుడే దాని గొంతంతా. ఆ అరుపు రాత్రిళ్ళు వినలేక కొందరు ఆడవాళ్ళు గుడ్డ పీలికలు చెవుల్లో పెట్టుకున్నారు. జనవరికి చచ్చినవి వంద దాటాయి. పరీక్షల్లో కడుపులో నులిపురుగులని తేలింది. చేపల ద్వారా చేరాయన్నారు, చేపల చెరువుల మీదికే వేలు చూపారు. కావలి కాసేవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. గూళ్ళు చెక్కు చెదరలేదు. బోర్డు కూడా శుభ్రంగానే ఉంది.

పోయిన శీతకాలం మా బావ వచ్చాడు. ఇంగ్లీషు కాయితాలు పూర్తి చేయడానికి ఊరంతా నా దగ్గరికే వస్తారు. చెరువు లైసెన్సుకి దరఖాస్తు. అరుగు మీద కూర్చుని రాస్తూ, గడులన్నీ అయ్యాక, "బావా, పచ్చుల సంగతి ఇందులో ఎక్కడా అడగలేదు చూశావా" అన్నాను.

"ఎందుకడుగుతారు? గూళ్ళేమో ఊర్లోన, చెరువేమో తంపర్లోన. దానికీ దీనికీ ఏటి సంబంధం?"

నేను జవాబు వెతుక్కుంటున్నాను. అంతలో పక్కింటి చెట్టు మీంచి రేకు మీద టప్‌మంది. జారుతూ వచ్చి మా ఇద్దరి మధ్య అరుగు మీద పడింది. ఈసారి పిల్లి దగ్గర్లో లేదు. బావ చేపల మనిషి. తోక పట్టుకుని ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు. కొయ్యంగ కాదు, జెల్ల కాదు. చెరువుల్లో మేతేసి పెంచే బొచ్చె పిల్ల.