నాణెముల మకిలి, నాణెముల చిలుము

ఒంటిమిట్ట కోదండరామాలయమును ఉద్ధరించుటకై వావిలికొలను సుబ్బారావుగారు (1863–1936) టెంకాయచిప్ప చేతబట్టి యాచించిన కథ కడపసీమలో ఎరుగనివారు అరుదు. ఆ చిప్పను గూర్చి వారు ఒక శతకమునే వ్రాసిరి. అందు పడిన చిల్లరలో అణాలు, అర్ధణాలు, కాలణాలే ఎక్కువగా నుండియుండును. కాలణాబిళ్ళ 1906 వరకు రాగిది, పిదప కంచుది. ఈ తేడా సేకర్తలకు తప్ప అన్యులకు పట్టదు గాని, పాత నాణెమును శుభ్రము చేయబూనినపుడు లోహమేదో తెలిసికొనుటయే మొదటి పని.

మన సీమలో మ్రొక్కుకొన్నవారు నాణెమును పసుపుగుడ్డలో ముడుపు గట్టి దేవుని గూటిలో నుంతురు. దీపపు పొగ, నూనెజిడ్డు, కుంకుమ, గంధము ఏండ్ల తరబడి దానిపై పేరుకొనును. పాత యిండ్ల దేవుని పెట్టెలలోని రాగికాసులు, శ్రీరామపట్టాభిషేకపు బొమ్మగల రామటంకములు ఇట్టి స్థితిలోనే మన చేతికి వచ్చును. (రామటంకములు చెలామణి నాణెములు కావు, పూజకై చేయించుకొన్న బిళ్ళలు.) అటుపిమ్మట జరుగు ఘోరమేమనగా, పండుగనాడు పూజాపాత్రలతోపాటు వానినిగూడ చింతపండు వేసి, ఇటుకపొడితో తోముట. కాసు తళతళలాడును, అక్షరము మాయమగును.

చింతపండులోని ఆమ్లము రాగిచిలుమును కరగించును. వందలయేండ్ల కాసులో పైపొర లోహముగా మిగిలియుండదు. ఎఱ్ఱని ఆక్సైడుగను, దానిపై ఆకుపచ్చని కార్బొనేటుగను మారియుండును. అచ్చులోని గీత, అక్షరపు వంపు పెక్కుమారులు ఆ పొరలోనే నిలిచియుండును. పొర పోయినచో మిగులునది గుంటలు పడిన రాగి మాత్రమే. కావున నా దృష్టిలో అసలు విచక్షణ యిది: వెలుపలినుండి వచ్చి అంటుకొన్నది మకిలి, లోహమునుండియే పుట్టినది చిలుము. మకిలిని తీయవచ్చును, చిలుము జోలికి పోరాదు.

శాస్త్రజ్ఞులకు సైతము ఈ విచక్షణ కుదురుటకు కాలము పట్టినది. 1888లో బెర్లిను మ్యూజియముల రసాయనశాలలో చేరిన ఫ్రీడ్రిఖ్ రాత్‌గెన్ విద్యుత్ప్రవాహముతో చిలుమును తొలగించు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. మద్రాసు ఎగ్మూరు మ్యూజియములో 1930లో రసాయనశాల ఏర్పడగా, ఎస్. పరమశివన్‌గారు కంచు విగ్రహములకు ఆ చికిత్సనే చేసిరి. క్లోరైడు పట్టి పొడియై రాలుచున్న విగ్రహములు దానివలన బ్రతికినవని ఒప్పుకొనవలెను. అయితే ఆ చికిత్స చిలుమునంతటిని ఊడ్చివేయును. అందుచేత నేటి పరిరక్షకులు దానికి సులభముగా పూనుకొనరు.

బంగారమునకు చిలుము లేదు, ఉన్నది మెత్తదనము. 1565 తరువాత పెనుగొండ నేలిన తిరుమలరాయల వరహాపై సీతారాములు కూర్చుండియుందురు, లక్ష్మణుడు నిలిచియుండును. వెనుక నాగరిలిపిలో రాజు పేరు. ఇంతయు సుమారు 3.4 గ్రాముల బిళ్ళపైననే. అందులో పదవవంతగు పణము కందిబద్దకంటె పెద్దదిగా తోచదు. దానిని గుడ్డతో గట్టిగా రుద్దినను గీత అరగును.

ఇక మకిలి తీయు విధము. మట్టి, పసుపు వంటివి పట్టిన నాణెమును గాజుగిన్నెలో స్వేదనజలము పోసి నాననిచ్చి, నీటిని దినదినము మార్చవలెను. మన మెట్టసీమ బావినీరు పనికిరాదు. అందలి ఉప్పు రాగికి శత్రువు. నానిన మట్టిని వెదురుపుల్ల మొనతో, భూతద్దము క్రింద, ఓపికగా కదల్చవలెను. కదలనిదానిని వదలవలెను. నూనెజిడ్డు, మైనము, బంక, మెత్తని ప్లాస్టిక్ సంచులలో దాచుటచే ఏర్పడు పచ్చని జిగురు, ఇవి నీటికి లొంగవు. స్వచ్ఛమైన ఎసిటోనుకు లొంగును. అది లోహమును ముట్టదు గాని క్షణములో అంటుకొనును. పొయ్యికి, దీపమునకు దూరముగా, గాలి వచ్చుచోట, గాజుగిన్నెలోనే వాడవలెను. పిదప మెత్తని గుడ్డపై అద్ది ఆరనీయవలెను, తుడువరాదు. నాణెమునకు అతుకుకొని చిలుములో గట్టిపడిన గుడ్డపోగును మాత్రము పెరుకరాదు. అదియు ఒక సాక్ష్యమే: ఏ నేతగుడ్డలో మూటగట్టిరో అది చెప్పగలదు.

రాగిపై లేతపచ్చని పొడి మరల మరల పుట్టుచున్నచో అది క్లోరైడు వ్యాధి. అట్టి కాసును తక్కినవానినుండి వేరుచేసి, పొడిగా నుంచి, మ్యూజియము రసాయనజ్ఞునికి చూపవలెను. శాతవాహనుల సీసపు నాణెములపైని తెల్లని పొడి విషము. దానిని వట్టిచేతులతో ముట్టరాదు.

నేలలో దొరికిన నాణెములకైతే ఈ పద్ధతులేవియు వర్తింపవు. నంద్యాలలోను, ఒంటిమిట్టకు చేరువనే రాజంపేట దాపున నున్న అత్తిరాలలోను రోమను బంగారు నాణెములు బయల్పడినవి. అట్టి లంకెబిందె దొరికినపుడు మట్టితోడనే, కుండ పెంకులతోడనే యుంచవలెను, కాసులను విడదీయరాదు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పదిరూపాయలకు మించిన విలువగలదానిని గూర్చి కలెక్టరుకు వ్రాతమూలమున తెలుపవలెను. ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో లోహపు వెలతోపాటు అందులో అయిదవవంతు అదనముగ చెల్లించును. కంసాలి మూసలో కరగిన వరహాకు ఆ అయిదవవంతు రాదు.