నెలకు పన్నెండు బొమ్మలు

వార్షికోత్సవ సావనీర్‌కు పాత ఫోటోలు పంపమని పోయిన నెల అడిగినాము. సంచీ నిండా వచ్చినాయి, అందరికీ కృతజ్ఞతలు. అన్నీ బల్ల మీద పరిచి చూస్తే పెళ్లి పీటలు, షష్టిపూర్తి, స్టూడియోలో కుర్చీ మీద ఆయన, పక్కన నిలబడి ఆవిడ, గృహప్రవేశం, మళ్లీ పెళ్లి. కమిటీలో ఒక పెద్దాయన “ఇవి చాలు, అధ్యక్షులవీ పెళ్లిళ్లవీ వేస్తే పుస్తకం నిండిపోతుంది” అన్నారు. నాకు మనసొప్పలేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. పొడుగైతే ఓర్చుకోండి.

తమిళదేశంలో మనవాళ్ల గుర్తులను మొదట కెమెరాతో పట్టినవాళ్లలో ఒకరు లిన్నేయస్ ట్రైప్ అనే దొర. మద్రాసు సైన్యంలో కెప్టెను. 1858లో ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా మదురై, శ్రీరంగం, తంజావూరు తిరిగి ఫోటోలు తీసినాడు. తంజావూరు పెద్దగుడి పీఠం మీది శాసనం కోసం 21 నెగటివులు తీసి, ప్రింట్లు వరుసగా అతికించి ఒకే పొడుగాటి పటం చేసినాడు. మదురైలో మన తిరుమల నాయకుడు కట్టించిన మహలు కూడా ఆయన ఫోటోల్లో ఉంది. ఇప్పుడు టికెట్టు కొని చూస్తున్న మహలులా కాదు, బాగుచేయించక ముందు సగం శిథిలమై నిలబడిన మహలు. ఆ స్తంభాలను చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ ఫోటోల్లో మనుషులు అరుదు. అప్పటి నెగటివు మీద బొమ్మ పడాలంటే చాలాసేపు వెలుతురు తగలాలి, కదిలేవాళ్లు పడరు. అందుకని స్తంభాలు మిగిలినాయి, ఆ నీడన బతికినవాళ్లు మిగల్లేదు.

తర్వాత స్టూడియోలు వచ్చినాయి. కదలకుండా కూర్చోగలిగినవాళ్లు, రూపాయలు పెట్టగలిగినవాళ్లు పడినారు. వీధిలోకి, వాకిట్లోకి కెమెరా రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

మా ఇంట్లోకి వచ్చింది ఆగ్ఫా క్లిక్ త్రీ. మీలో చాలామంది ఇళ్లలో అటక మీద ఇప్పటికీ ఉంటుంది. నల్ల ప్లాస్టిక్కు పెట్టె, బరోడాలో తయారైంది. ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు, అంతే. దాంట్లో వేసేది 120 రీలు. 1901లో కోడక్ వాళ్లు మొదలుపెట్టిన ఆ సైజు ఇంకా చావలేదు. నల్లకాగితం చుట్టుకుని వస్తుంది. వెనక ఎర్ర కిటికీలో అంకె చూసుకుంటూ తిప్పాలి. పన్నెండు చదరపు బొమ్మలు, పదమూడోది లేదు.

రీలు కూడా మన కొండ మీదిదే. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ అని కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్టరీ 1960లో స్థాపించి, 1967లో ఉత్పత్తి మొదలుపెట్టినారు. ఫిల్ము పూసేచోట దుమ్ము ఉండకూడదు, వేడి ఉండకూడదు, అందుకే నీలగిరులు. ఫిల్ము పేరు ‘ఇందు’. ఆ చుట్టుపక్కలకు ఇందునగర్ అని పేరే పడింది. బ్లాక్ అండ్ వైట్ రీళ్లు, బ్రోమైడ్ పేపరు, ఆస్పత్రులకు ఎక్స్‌రే ఫిల్ము అక్కడినుంచి దిగివచ్చేవి. తర్వాత జనం కలరుకు పోయినారు, దిగుమతి సరుకు సులువైంది, 1990ల్లో ఫ్యాక్టరీ ఖాయిలా పడింది. ఇప్పుడు లేదు. కోయంబత్తూరు నుంచి ఊటీకి ఎన్నోసార్లు పోయినా కానీ, అది నడిచే రోజుల్లో ఒక్కసారి కూడా గేటు దగ్గర ఆగి చూడలేదు. పూలతోట చూసి, వర్కీ కొనుక్కుని వచ్చేసినా.

ఇక మా పెద్దనాయన సంగతి. మిల్లులో గుమస్తా. జీతంలో నెలకు ఒక రీలు కొనగలడు. కడిగించడం, ప్రింటు వేయించడం వేరే ఖర్చు. పెద్దది చేయించే స్తోమత లేదు గనక నెగటివు సైజులోనే కాంటాక్టు ప్రింట్లు, అరచేతిలో సగం. ఆయనకు రోజూ ఫోటో తియ్యాలని ఆశ. ముప్పై పొద్దులు, పన్నెండు బొమ్మలు. ఎట్లా సర్దినాడంటే, రోజూ పొద్దున మిల్లుకు పోయే ముందు కెమెరా పట్టుకుని మిద్దె ఎక్కేవాడు. కన్ను పెట్టి చూసేవాడు. తగినట్టుంటే నొక్కేవాడు, లేకపోతే దిగి వచ్చేవాడు. ఏ సంగతైనా నోటుపుస్తకంలో ఒక వరుస రాసేవాడు.

“మబ్బు. తియ్యలేదు.”

“బాయి గిలక మార్చినారు. తీసినా. ఏడు.”

“మూడే మిగిలినాయి. పండక్కి దాచుకోవాల.”

ఇంట్లో నవ్వేవాళ్లు. “రోజూ అదే వీధి, అదే బాయి, ఏముండాదని?” అని పెద్దమ్మ సణిగేది. నేనూ నవ్వినవాణ్ణే.

ఆయన పోయిన తర్వాత పాత ఇల్లు విప్పినప్పుడు రెండు రేకుడబ్బాలు దొరికినాయి. ఒకటి పాతసామాన్ల వాడికి పోయింది. మూత తీసి చూడకుండా ఇచ్చింది నేనే. రెండోది ఎందుకో మిగిలింది. చాలాకాలానికి తెరిస్తే గుప్పున పుల్లటి వాసన. పాత ఫిల్ము చెడిపోయేటప్పుడు వచ్చేది ఆ వాసనే అని తర్వాత తెలిసింది. కొన్ని ముడతలు పడి అతుక్కుపోయినాయి. మిగతావి స్కాన్ చేయించినా.

వాటిలో మా మేనత్త కనబడింది.

చిన్నవయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. మమ్మల్ని పెంచింది సగం ఆమే. మా ఇంట్లో అరడజను పెళ్లిళ్లు జరిగినాయి, ఒక్క పెళ్లి ఫోటోలోనూ ఆమె లేదు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. ఫోటోగ్రాఫరు “అందరూ రండి” అన్నప్పుడు ఆమె వంటింట్లోకి పోయేది, రమ్మని పిలిచినవాళ్లు కూడా లేరు. మా పిల్లలకు ఆమె మొహం ఎట్లా ఉండేదో తెలీదు. ఈ డబ్బాలో మాత్రం పదకొండు బొమ్మల్లో ఉంది. మిద్దె మీద వడియాలు పెడుతూ, కాకిని తోలుతూ, గిలక దగ్గర చేద పట్టుకుని. ఒకదాంట్లో నోరంతా తెరిచి నవ్వుతోంది, తమ్ముడు ఏమన్నాడో ఏమో. ఇంకొకదాంట్లో ఆమె భుజాల మీదుగా ఎద్దులబండి పోతోంది. అర్థంగాక నోటుపుస్తకం తీస్తే ఆ తేదీన “తిప్పడం మరిచినా. అక్క మీద వీధి పడింది” అని ఉంది.

అమెరికాలో జేమీ లివింగ్‌స్టన్ అనే ఆయన 1979 మార్చి 31 నుంచి 1997 అక్టోబరు 25న కన్నుమూసే దాకా రోజుకొక్క పోలరాయిడ్ ఫోటో తీసినాడు. ఆ వరుసను ఇప్పుడు లోకమంతా చూస్తోంది. మా పెద్దనాయనకు అంత వసతి లేదు. కానీ తియ్యని రోజులను కూడా రాసిపెట్టినాడు, నాకు అది ఇంకా నచ్చింది.

ఆయన క్లిక్ త్రీ ఇప్పుడు నా దగ్గరుంది. లెన్సు తుడిపించి వాడుతున్నా. ఊటీ రీలు రాదు గాని 120 రీలు ఇంగ్లండులో, అమెరికాలో ఇంకా చేస్తున్నారు. ధర వింటే పెద్దనాయన నన్ను మిద్దె మీదినుంచి తోసేవాడు. నెలకు ఒకటే వేస్తా, ఆయన లెక్కే. ఫోనుతో ఎన్నైనా తీయొచ్చు కదా అంటారు. తీస్తున్నా. ఫోనులో వేలున్నాయి, పోయిన మంగళవారం ఏం తీసినానో గుర్తులేదు. ఈ పన్నెండూ గుర్తున్నాయి.

కాబట్టి కమిటీవారికి నా మనవి. సావనీర్‌లో కనీసం పది పుటలు మామూలు రోజులకు వదలండి. బాయి, కొట్టాం, బడి గేటు, మిల్లు సైకిళ్లు, వంటింటి పొయ్యి, పేరు రాయకుండా మిగిలిపోయిన ఆడవాళ్లు. మీ ఇళ్లలో చిన్న చదరపు ప్రింట్లు, నల్లటి నెగటివులు ఉంటే పారెయ్యకండి. పుల్లవాసన వచ్చేవాటిని మంచివాటినుంచి వేరుచెయ్యండి. ప్లాస్టిక్కు కవర్లు వద్దు, కాగితం కవర్లో పెట్టి చల్లగా, చెమ్మ లేనిచోట ఉంచండి. 1980ల కలరు ప్రింట్లు ఎర్రబారుతున్నాయి, వాటిని ముందు స్కాన్ చేయించండి. వెనక పెన్సిలుతో పేర్లు రాయండి. పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉన్నప్పుడే రాయండి.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి స్కానరు తీసుకుని సంఘం హాల్లో ఉంటాను. డబ్బాలు మూత తీయకుండానే తెచ్చినా పర్వాలేదు, కలిసి తీద్దాం.