ఇంగ్లండ్ మాధ్యమిక పాఠశాలల్లో ఇంగ్లీషు, డిజైన్ బోధన

ఇంగ్లండ్‌లో 11–16 ఏళ్ల విద్యార్థులు ఇంగ్లీషులోనూ, 11–14 ఏళ్లవారు డిజైన్ అండ్ టెక్నాలజీలోనూ ఏమి నేర్చుకోవాలో జాతీయ పాఠ్య ప్రణాళిక నిర్దేశిస్తుంది. దీన్ని ప్రవేశపెట్టింది 1988 నాటి విద్యా సంస్కరణ చట్టం. మాట నేర్పే చదువునూ, చేతిపని నేర్పే చదువునూ పిల్లలందరికీ సమానంగా అందించాలన్న ఆశయం ఈ చరిత్రలో విలువైన భాగం.

తొలి దశ

శతాబ్దాల పాటు గ్రామర్ స్కూళ్లలో లాటిన్‌దే పెద్దపీట. చేతిపనిని బడి బయట పనివారి దగ్గర శిష్యరికం చేసి నేర్చుకునేవారు. 1904 మాధ్యమిక పాఠశాలల నిబంధనల్లో ఇంగ్లీషు భాషా సాహిత్యాలు, డ్రాయింగు, చేతిపని చోటు చేసుకున్నాయి. 1921లో వెలువడిన న్యూబోల్ట్ నివేదిక ఇంగ్లీషును చదువంతటికీ పునాదిగా చూసింది. భాష నేర్పడం ప్రతి ఉపాధ్యాయుడి బాధ్యత అని 1975లో బుల్లక్ నివేదిక చెప్పింది. చేతిపనుల్లో మాత్రం మగపిల్లలకు వడ్రంగం, లోహపు పని, ఆడపిల్లలకు వంట, కుట్టుపని అన్న విభజన చాలాకాలం సాగింది.

1988–1995

విద్యామంత్రి కెన్నెత్ బేకర్ తెచ్చిన చట్టం ఇంగ్లీషును కీలక విషయంగా, డిజైన్‌తో కూడిన టెక్నాలజీని పునాది విషయంగా గుర్తించింది. ఏమి బోధించాలో సూచించడానికి రెండింటికీ వేర్వేరుగా నియమించిన సంఘాల నివేదికలు 1989 జూన్‌లోనే వెలువడ్డాయి.

ఇంగ్లీషు సంఘానికి మాంచెస్టర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బ్రయన్ కాక్స్ అధ్యక్షుడు. కొత్త పోకడల బోధనను విమర్శించిన ‘బ్లాక్ పేపర్స్’ సంపాదకుల్లో ఆయన ఒకరు కావడంతో, వ్యాకరణానికే పట్టం కడతారని పలువురు అనుకున్నారు. అయితే ఆయన నివేదిక సమతూకంతో వచ్చింది. వ్యక్తిత్వ వికాసం, ఇతర పాఠాలకు తోడ్పాటు, పెద్దయ్యాక పనికొచ్చే భాష, సాహిత్య వారసత్వం, సంస్కృతి విశ్లేషణ అనే అయిదు దృక్పథాలకూ అందులో చోటు దక్కింది. ప్రామాణిక ఇంగ్లీషు అందరికీ నేర్పాలని, ఇంటి యాసను చిన్నచూపు చూడరాదని కూడా కాక్స్ సూచించారు.

డిజైన్ సంఘానికి లేడీ మార్గరెట్ పార్క్స్ నాయకత్వం వహించారు. ఈ నివేదికతో వడ్రంగం, కుట్టు, వంట వంటి పనులు ఒకే గొడుగు కిందికి వచ్చి, ఆడ మగ తేడా తొలగింది. 1990లో బోధన మొదలైంది. అవసరాన్ని గుర్తించడం, ఆకృతి గీయడం, తయారు చేయడం, ఫలితాన్ని బేరీజు వేయడం అనే నాలుగు లక్ష్యాలు పెట్టారు. కాగితం పని పెరిగి పనిముట్ల నైపుణ్యం పలచబడిందని 1992లో ఇంజినీరింగ్ కౌన్సిల్ పక్షాన వచ్చిన నివేదిక ఆక్షేపించింది.

1993లో 14 ఏళ్ల పిల్లలకు తలపెట్టిన ఇంగ్లీషు పరీక్షలను ఉపాధ్యాయులు పెద్దఎత్తున బహిష్కరించారు. ప్రభుత్వం సర్ రాన్ డియరింగ్‌కు సమీక్ష అప్పగించింది. 1995 సవరణతో ఇంగ్లీషుకు మాట్లాడటం–వినడం, చదవడం, రాయడం అనే మూడు లక్ష్యాలు, డిజైన్‌కు రూపకల్పన, తయారీ అనే రెండు లక్ష్యాలు మిగిలాయి.

తరువాతి మార్పులు

2004 నుంచి 14 ఏళ్లు దాటినవారికి డిజైన్ తప్పనిసరి కాదు. 14 ఏళ్లవారి జాతీయ పరీక్షలు 2008లో రద్దయ్యాయి. 2014 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన ప్రణాళిక ప్రకారం 11–14 ఏళ్లవారు షేక్‌స్పియర్ నాటకాలు రెండు చదవాలి. డిజైన్‌లో కంప్యూటర్ సాయంతో రూపకల్పన చేయాలి, తమకూ ఇతరులకూ ఆరోగ్యకరమైన వంట వండగలగాలి. స్థానిక ప్రభుత్వాల అదుపులో లేని అకాడమీ పాఠశాలలకు ఈ ప్రణాళికను అనుసరించే చట్టపరమైన నిర్బంధం లేకుండా ఉంచారు.

16 ఏళ్ల వయసులో రాసే జీసీఎస్‌ఈ పరీక్ష కోసం 2015లో మొదలైన సాహిత్య కోర్సులో ఒక షేక్‌స్పియర్ నాటకం, 19వ శతాబ్దపు నవల ఒకటి తప్పనిసరి. 2017 నుంచి డిజైన్ జీసీఎస్‌ఈలో సగం మార్కులు విద్యార్థి సొంతంగా రూపొందించే వస్తువుకు దక్కుతాయి. ఉదాహరణకు కీళ్లనొప్పులున్న వృద్ధురాలికి సీసా మూత తీసే పరికరం కావాలనుకుందాం. విద్యార్థి ఆమె అరచేతి వెడల్పు కొలుస్తాడు, ఫోమ్‌తో నమూనా చెక్కి ఆమె చేతికిస్తాడు, బొటనవేలు ఎక్కడ జారుతోందో గమనించి పిడిని మళ్లీ చెక్కుతాడు. ఎందుకు మార్చాడో స్పష్టంగా రాయాలి కూడా. ఇంగ్లీషు తరగతిలో నేర్చిన రాత ఇక్కడ అక్కరకొస్తుంది.

ఇంగ్లీషు 16 ఏళ్ల వరకూ అందరికీ తప్పనిసరిగా కొనసాగుతోంది. డిజైన్ రంగంలో కనీసం ఒక కోర్సును పాఠశాల అందుబాటులో ఉంచాలి. 14 ఏళ్ల తర్వాత దాన్ని తీసుకోవడం, మానడం విద్యార్థి ఇష్టం.