రైఫిల్ తూటాల ఇత్తడి తొడుగులు: ఎంపిక, తయారీ, భారత చట్టం

తూటా పేలిన తరువాత గుండు, మందుగుండు, ప్రైమర్ మూడింటి పనీ ముగుస్తుంది. మళ్లీ వాడుకోవడానికి మిగిలేది ఇత్తడి తొడుగు ఒక్కటే. దానిని శుభ్రపరచి, కొలతకు తెచ్చి తిరిగి తూటాగా కూర్చడాన్ని రీలోడింగ్ అంటారు. అమెరికాలో లక్ష్యసాధన క్రీడాకారులు, వేటగాళ్లు ఈ పనిని ఇళ్లలోనే చేసుకుంటారు. సొంత వాడకానికైతే అక్కడి సమాఖ్య చట్టం లైసెన్స్ కోరదు. అమ్మకానికి తయారుచేస్తే లైసెన్స్ తప్పనిసరి. భారతదేశంలో పరిస్థితి వేరు.

ఇత్తడే ఎందుకు?

తూటా తొడుగుకు వాడే ఇత్తడిలో సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. 1952లో వచ్చిన .308 వించెస్టర్ తూటాలో పీడనానికి పరిశ్రమ నిర్ణయించిన గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. పేలిన క్షణంలో తొడుగు ఉబ్బి ఛాంబర్ గోడలకు అతుక్కుంటుంది, వాయువులు వెనక్కి తన్నకుండా ఆపుతుంది. పీడనం తగ్గగానే కొద్దిగా కుంచించుకుని సులువుగా బయటకు వస్తుంది. కాల్చే వ్యక్తి ముఖానికి, ఆ వాయువులకు మధ్య అడ్డుగా నిలిచే కీలక భాగం ఇదే. అందుకే తొడుగు ఎంపికను పొదుపు వ్యవహారంగా కాక, భద్రతకు సంబంధించిన విషయంగా చూడాలి.

ఎంపికలో గమనించేవి

తొడుగు అడుగున తయారీ సంస్థ ముద్ర ఉంటుంది. ఒకే ముద్ర ఉన్నవాటిని, ఒకే రైఫిల్‌లో ఒకే సంఖ్యలో కాల్చినవాటిని విడివిడిగా ఉంచుతారు. సైనిక తొడుగుల గోడలు తరచుగా మందంగా ఉంటాయి. లోపలి చోటు తగ్గడం వల్ల అదే మోతాదు మందు వాటిలో ఎక్కువ పీడనం పుట్టిస్తుంది. కనుక వాటిని పౌర తొడుగులతో కలపరు.

ప్రైమర్ రకం మరొక అంశం. బాక్సర్ రకం తొడుగులో నడుమ ఒకే రంధ్రం ఉంటుంది కనుక పాత ప్రైమర్‌ను సూదితో నెట్టడం తేలిక. బెర్డాన్ రకంలో సాధారణంగా రెండు చిన్న రంధ్రాలు పక్కలకు ఉంటాయి. మామూలు పనిముట్లతో ఆ ప్రైమర్‌ను తీయడం కష్టం. బాక్సర్ ఆంగ్లేయుడు, బెర్డాన్ అమెరికన్. అయినా అమెరికాలో స్థిరపడింది బాక్సర్ పద్ధతే. పైపూత చూసి ఇత్తడి అనుకునే ఉక్కు తొడుగులను అయస్కాంతం పట్టిస్తుంది.

మెడ చీలినా, ప్రైమర్ గూడు వదులైనా ఆ తొడుగును పక్కన పడేయాలి. అడుగుకు కొద్దిగా పైన మెరిసే వలయం కనిపిస్తే అక్కడ గోడ పలచబడి ఉండవచ్చు. కొన వంచిన సన్నని తీగను లోపలి గోడ వెంట జరిపితే గాడి తగులుతుంది. అలాంటి తొడుగు తరువాతి కాల్పులో రెండుగా తెగిపోగలదు.

సిద్ధపరిచే క్రమం

ముందుగా తొడుగులను మొక్కజొన్న బెండు పొట్టుతో కలిపి యంత్రంలో దొర్లించి శుభ్రపరుస్తారు. ఆ ధూళిలో ప్రైమర్ నుంచి వచ్చిన సీసం ఉంటుంది కనుక గాలి ఆడే చోట, పిల్లలకు దూరంగా చేయాలి. తరువాత పైన కందెన రాసి, డై అనే అచ్చులోకి నెట్టి అసలు కొలతకు తెస్తారు. పాత ప్రైమర్ సాధారణంగా ఈ దశలోనే ఊడుతుంది. కాల్చినకొద్దీ, అచ్చులో నెట్టినకొద్దీ తొడుగు పొడవు పెరుగుతుంది. .308 రకానికి 2.015 అంగుళాలు గరిష్ఠం. దానిని దాటితే 2.005కు కత్తిరించి, అంచు నునుపు చేస్తారు.

పదేపదే సాగి, కుంచించుకునే మెడ బిరుసెక్కుతుంది. బిందె కొట్టే కంచరి మధ్యమధ్య రేకును కాచి మెత్తబరిచినట్టే, మెడను, భుజాన్ని మాత్రమే వేడిచేస్తారు. పీడనాన్ని భరించే అడుగు భాగానికి ఆ వేడి తగలరాదు. అడుగు మెత్తబడిన తొడుగు ప్రమాదకరం.

వానాకాలం నేర్పిన పాఠం

19వ శతాబ్దంలో భారత్‌లోని బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో భద్రపరిచేది. కాల్చకుండానే వాటి తొడుగులు పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, తేమ, లోహంలో మిగిలిన బిగువు కలిసి ఇత్తడిని చీల్చుతున్నాయని 1921లో పరిశోధకులు వివరించారు. అమ్మోనియా కలిసిన ద్రావణాలతో తొడుగులను శుభ్రపరచకూడదన్న నియమానికి కారణం ఇదే.

మన చట్టం

ఆయుధాల చట్టం–1959లోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. 2019 సవరణ తరువాత దీనికి కనీస శిక్ష ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. తూటా విడిభాగాలు, తూటాల తయారీ యంత్రాలు కూడా చట్టంలోని నిర్వచనం పరిధిలోకే వస్తాయి. అమెరికాలో సరదాగా షూటింగ్ రేంజ్‌కు వెళ్లే తెలుగువారు స్వదేశానికి బయలుదేరే ముందు బ్యాగుల అరలు ఒకసారి వెతుక్కోవడం మంచిది. అక్కడ జ్ఞాపికగా దాచుకున్న తొడుగు, మరచిపోయిన తూటా ఇక్కడి విమానాశ్రయంలో పోలీసు విచారణకు దారితీయవచ్చు.